మద్దిలేటన్న డ్రమ్ము నీళ్ళు

మా స్టాక్‌యార్డులో నలుగురు దేవుళ్ళ ఫోటోలు ఉండేవి. ఐదో దేవుడు మద్దిలేటన్న డ్రమ్ము. రోజూ పొద్దున తొమ్మిదింటికి దానికి పసుపు, కుంకుమ, రెండు ఊదుకడ్డీలు. ఊదుకడ్డీలు సగం కాలేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. బయట లారీలు చెవులు చిల్లులు పడేలా హారన్లు కొట్టినా, మేనేజరు హొన్నప్ప గడియారం చూపించి కేకలేసినా ఆయన కళ్ళు తెరిచేవాడు కాదు. లారీలు తూచే వేబ్రిడ్జి గదిలో చీటీలు కొట్టే పుష్పావతిని నేను. ఈ పూజంతా అద్దంలోంచి చూస్తూ నా మొదటి టీ తాగేదాన్ని.

రెండు వేల ఏడు నాటి సంగతి ఇది. అప్పట్లో బళ్ళారి చుట్టుపక్కల ఎర్రగా లేనిది ఏదైనా ఉందంటే కొత్తగా కొన్న కారు ఒక్కటే, అదీ మొదటి రోజే. కొండల్లోంచి, కొండ కింది చేలల్లోంచి ఇనుప రాయి లారీలకెక్కి వచ్చి మా యార్డులో పడేది. మంచి రాయి ఒక కుప్ప, నాసి రాయి ఇంకో కుప్ప. మంచి కుప్ప రేవుకు పోయేది, అక్కడ ల్యాబు వాళ్ళు అసలు లెక్క తేల్చుకుని చైనా ఓడెక్కించేవాళ్ళు. చూడ్డానికి రెండు కుప్పలూ ఒకే రంగు. ఏ లారీ ఏ కుప్పకు పోవాలో చెప్పడమే మద్దిలేటన్న పని.

అంతకు ముందు ఆయన బళ్ళారిలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరు. టెంపరరీ. పదిహేడేళ్ళ టెంపరరీ. పర్మనెంట్ చేస్తామని ముగ్గురు ప్రిన్సిపాళ్ళు మాటిచ్చి ముగ్గురూ రిటైరయ్యారు. నాలుగో ఆయన మాటివ్వకుండానే తీసేశాడు.

నేను బీఎస్సీ వెలగబెట్టింది ఆ ల్యాబులోనే. పరీక్షలో నాకు నీళ్ళలో ఇత్తడి గుండు ముంచి తూచే ప్రాక్టికల్ పడింది. ఎన్నిసార్లు ముంచినా నా లెక్క కుదిరి చావలేదు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు అటు తిరిగినప్పుడు "అన్నా, ఎంత రావాలన్నా?" అని గొణిగాను.

"నీకెంతొచ్చె పాపా?" అన్నాడు.

చెప్పాను.

"అదే రాసుకో" అన్నాడు.

రాసుకున్నాను. ఆ ఏడు నేను తప్పింది ఆ ఒక్క ప్రాక్టికల్లోనే. ఆయన మీద మంట నాకు చాలా ఏళ్ళు ఉండింది. అదే యార్డులో నాకూ ఉద్యోగం దొరికి, రోజూ ఆయన పక్కన కూర్చుని అన్నం తినాల్సి వచ్చాక కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గిందని చెప్పను.

ఆయన్ని యార్డులో పెట్టుకోవడానికి కారణం, ల్యాబుకు రాయి పంపితే కాగితం రావడానికి మూడు రోజులు పట్టేది. లారీ మూడు రోజులు నిలబడదు. "నాకొక డ్రమ్మూ, ఒక తూకమూ ఇప్పీండి సార్, లారీ టార్పాలిన్ ఇప్పేలోగా చెప్తా" అన్నాడట హొన్నప్పతో. డ్రమ్ము షెడ్డులోనే ఉండింది. తూకం బజార్లో కొన్నారు, కొక్కేనికి వేలాడదీస్తే అంకెలు వెలిగేవి. దాని వెనక మేడ్ ఇన్ చైనా అని ఉండింది. మన రాయి అటు పోతోంది, దాన్ని తూచేది ఇటు వచ్చింది, లెక్క సరిపోయింది.

పద్ధతి సులువు. ఉల్లిగడ్డల వల సంచిలో రాళ్ళు వేసి ముందు గాలిలో తూచేవాడు. తర్వాత సంచిని అలాగే వేలాడదీసి డ్రమ్ములోకి దించి, బుడగలన్నీ పోయేదాకా ఊపి, మళ్ళీ తూచేవాడు. నీళ్ళలో తూకం తగ్గుతుంది. ఎంత తగ్గిందో దాంతో మొదటి తూకాన్ని భాగిస్తే రాయి ఎంత చిక్కనిదో తేలుతుంది. నాలుగు పాయింట్ రెండు, ఆ పైన వస్తే మంచి కుప్ప. తక్కువైతే నాసి కుప్ప. పుస్తకాల్లో దీనికి ఎవరో గ్రీకు ఆయన పేరు ఉంది. మా యార్డులో మాత్రం ఇది మద్దిలేటన్న లెక్కే.

లారీ డ్రైవర్లు నమ్మేవాళ్ళు కాదు. "ఏందన్నా, నీళ్ళలో ముంచితే రాయి కత వస్తాదా?" అని నవ్వేవాళ్ళు.

"రాయి నీళ్ళలో కూర్చోవాలంటే అంత నీళ్ళు లేసి చోటియ్యాల కదప్పా" అనేవాడు ఆయన ఓపిగ్గా. "లేసిన నీళ్ళు సుమ్మనే ఊరికే పోవు. ఎంత బరువు నీళ్ళు లేస్తే అంత బరువు రాయిని పైకి మోస్తాయి. అందుకే తూకం తగ్గుతాది. పెద్ద రాయైనా గట్టిదైతే తక్కువ తగ్గుతాది. గుల్ల రాయైతే శానా తగ్గుతాది. నీకు నేను అబద్ధం చెప్తే చెప్తానేమో, నీళ్ళకేం పని అబద్ధంతో?"

ఇంకా నమ్మకపోతే వాళ్ళమ్మ కథ చెప్పేవాడు. ఆయనది కంప్లి పక్కన ఎమ్మిగనూరు. వాళ్ళమ్మ కరియమ్మ పెద్ద రైతుల మళ్ళల్లో కూలికి పోయేది. విత్తనం వడ్లు ఏరే పని ఆమెదే. గంగాళంలో నీళ్ళు పోసి, ఉప్పు కలిపి, అందులో పచ్చి కోడిగుడ్డు వేసేది. గుడ్డు మునిగితే ఇంకాస్త ఉప్పు. గుడ్డు లేచి పైకి రూపాయి బిళ్ళంత కనిపిస్తే నీళ్ళు సరిగ్గా చిక్కబడినట్టు. అప్పుడు వడ్లు పోస్తే తాలు పైకి తేలేది, గట్టి గింజ అడుక్కి పోయేది. "మాయమ్మకు సంతకం రాదు, నీళ్ళ చిక్కదనం మాత్రం గుడ్డుతో కొలిచేది" అని చెప్పుకుని మురిసిపోయేవాడు. ఈ కథ నేను వందసార్లు విన్నాను. ఆయన దాన్ని ఒక్కసారైనా సరిగ్గా విని ఉంటే ఈ రాతకు పనే ఉండేది కాదు.

పొద్దున పూజ అయ్యాక, మొదటి లారీకి ముందు, ఆయన తూకానికి పరీక్ష పెట్టేవాడు. కొట్టు వాళ్ళ దగ్గర ఉండేలాంటి ఐదు కిలోల ఇనుప తూకం రాయి ఒకటి ఆయన సొంతం. దాన్ని డ్రమ్ములో ముంచితే నాలుగు వేల మూడు వందల ఐదు గ్రాములు చూపించాలి. చూపించేది. ఆ అంకెను సుద్దముక్కతో గోడ మీద రాసి, కింద తేదీ వేసేవాడు. ఎనిమిది నెలల గోడ నిండా ఒకటే అంకె. తిరుపతి వెంకన్నకైనా ఒకోరోజు అలంకారం మారుతుందేమో గానీ ఆ గోడ మీద అంకె మారలేదు.

నీళ్ళకు మాత్రం మా దగ్గర కరువు. వారానికి రెండు ట్యాంకర్లు వచ్చేవి. తాగడానికి కొంత, మిగతాదంతా దుమ్ము లేవకుండా దారి మీద చల్లడానికి. డ్రమ్ములో తగ్గినంత మేరకు పొద్దున్నే రెండు బకెట్లు పోసేవాడు, అంతే. డ్రమ్ము ఖాళీ చేసి కడగడం అనే ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చినా, రోజూ కుంకుమ పెట్టే వస్తువును బోర్లించేదెవరు?

ఇక రామసుబ్బమ్మ గురించి చెప్పాలి. యార్డుకు పన్నెండు కిలోమీటర్లలో, కొండ కింద ఆమెకు ఐదెకరాల మెట్ట చేను ఉండింది. ఆమె పుట్టిల్లు సిరిగేరి, అంతా కాలవ నీళ్ళు, వరి మడులు. అక్కడి నుంచి ఈ రాళ్ళ చేలోకి కోడలై వచ్చిన రోజు ఆమె అడిగిన మొదటి మాట "నీళ్ళు యాడుండాయి?" అని. ఎవరూ చూపించలేకపోయారు. మొగుడు పోయాక ఇరవై ఏళ్ళు ఆ ఐదెకరాల్లో ఒంటి చేత్తో వేరుశనగ పండించింది. రాళ్ళు ఏరి గట్టున పోసేది, వానకు మళ్ళీ రాళ్ళు తేలేవి, మళ్ళీ ఏరేది. ఆమెకు వేరే వ్యాపకం లేదు, అక్కర్లేదు కూడా. అరవై రెండేళ్ళ మనిషి, పొద్దున లేచి ఆ చేలో నిలబడకపోతే ఆమెకు తెల్లారదు.

ఇనుప రాయికి బూమ్ వచ్చాక చుట్టూ చేలన్నీ గుంతలయ్యాయి. రాళ్ళు ఏరి గట్టున పోసుకున్న రైతులు ఆ గట్లను కూడా అమ్ముకున్నారు. రామసుబ్బమ్మ చేను మాత్రం మధ్యలో పచ్చగా నిలబడింది. ఆమె మరిది కొడుకు వెంకటరామికి ఆరు లారీలు ఉండేవి. చెడ్డవాడేం కాదు, కాకపోతే ఖాళీగా నిలబడిన లారీని చూస్తే ఆయనకు అన్నం సహించదు. చేను కాగితాల్లో ఉమ్మడిగా ఉంది, తవ్వాలంటే పెద్దమ్మ సంతకం కావాలి. రెండేళ్ళు అడిగాడు. ఆఖరుకు ఆమె విసిగిపోయి ఒక మాట అంది.

"నా చేలో ఉండేది ఇనుమే అయితే తవ్వుకోప్పా, నేను అడ్డం రాను. ఉత్త రాయైతే మళ్ళా నా చేను మాట ఎత్తొద్దు. తేల్చేది ల్యాబోళ్ళు కాదు, వాళ్ళు నీ దోస్తులు. ఆ డ్రమ్ము మద్దిలేటి తేల్చాల. ఆయప్ప ఏం చెప్తే అది, నీకూ నాకూ."

మద్దిలేటి మీద ఆమెకు అంత గురి ఎందుకంటే, ఆమె కూతురు రజని కూడా మా కాలేజీయే. రజని కూడా ఆయన్ని "ఎంత రావాలన్నా?" అని అడిగింది. రజనికి కూడా నాకు చెప్పినట్టే చెప్పాడు. రజని కూడా తప్పింది. రామసుబ్బమ్మ కొంగు బిగించి కాలేజీకి తగాదాకు వచ్చి, ఆయనతో పది నిమిషాలు మాట్లాడి, తిరిగి వెళ్ళేటప్పుడు కూతుర్నే తిట్టుకుంటూ పోయింది.

మే నెలాఖరులో ఒక సాయంత్రం, ఐదున్నరకు, ఇద్దరూ జీపులో వచ్చారు. రాళ్ళు ఆమే ఏరుకొచ్చింది, చేను నాలుగు మూలల నుంచి, నడిమి నుంచి. వెంకటరామి పక్కనుండి చూశాడట, మోసం లేదు. ఆమె మొహంలో దిగులు కనిపించలేదు. ఇన్నేళ్ళు ఏరిన రాయి ఉత్త రాయేనని ఆమె నమ్మకం.

మద్దిలేటన్న వల సంచిలో రాళ్ళు పోసి సరిగ్గా నాలుగు కిలోలకు తెచ్చాడు. డ్రమ్ములోకి దించాడు. ఊపాడు. బుడగలు పోయేదాకా ఆగాడు. తొమ్మిది వందల డెబ్బై ఐదు గ్రాములు తగ్గింది. నేను క్యాలిక్యులేటర్ కొట్టాను. నాలుగు పాయింట్ ఒకటి.

"ఇంకోసారి చూడప్పా" అన్నాడు వెంకటరామి.

ఇంకోసారి ముంచాడు. అదే.

"ఉత్త రాయికి కొంచెం పైన, ఇనుప రాయికి కొంచెం కింద" అన్నాడు మద్దిలేటన్న. "మా లెక్కకు రాదప్పా ఇది."

వెంకటరామి కాసేపు డ్రమ్ము వైపు, కాసేపు పెద్దమ్మ వైపు చూశాడు. "సరే పెద్దమ్మా, మాటంటే మాటే" అని జీపెక్కాడు. ఆయన్ని ఆ ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. మర్నాడు రామసుబ్బమ్మ ఎవరి చేతో మాకు వేయించిన వేరుశనగలు అర బస్తా పంపింది. యార్డంతా మూడు రోజులు వాటినే నమిలాం. హొన్నప్ప కూడా నవ్వాడు.

పదో రోజు హొస్పేట రోడ్డులో లారీలు ఇరుక్కున్నాయి. ఆ రోజుల్లో అది వార్త కాదు. మద్దిలేటన్న ఎక్కిన బస్సు ఐదు గంటలు కదల్లేదు. ఆయన యార్డుకు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అప్పటికే హొన్నప్ప మనుషులు డ్రమ్ములో ఇష్టమొచ్చినట్టు ముంచి ముప్పై లారీలు పంపేశారు. వేరేవాళ్ళైతే చెప్పులు విప్పి నేరుగా పనిలో దిగేవాళ్ళు. ఈయన మూడింటికి ఊదుకడ్డీలు వెలిగించాడు. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత తన ఐదు కిలోల తూకం రాయిని డ్రమ్ములోకి దించాడు.

నాలుగు వేల రెండు వందల యాభై ఐదు.

ముందు తూకాన్ని అనుమానించాడు. గాలిలో తూచాడు, సరిగ్గా ఐదు కిలోలు. తర్వాత రాయినే అనుమానించి, తన తువ్వాలతో తుడిచాడు. మళ్ళీ ముంచాడు. అదే అంకె. తర్వాత నన్ను అనుమానించాడు, నేనేమన్నా ముట్టుకున్నానేమోనని. నేను ఆయన డ్రమ్ము జోలికి ఎందుకు పోతాను?

"పుష్పా, నీ తాగే నీళ్ళ బాటిలియ్యి" అన్నాడు చివరికి.

ఇచ్చాను. లీటరు బాటిలు. తాగే నీళ్ళతో నిండుగా తూచి, అవి బకెట్లోకి వంచి, డ్రమ్ము నీళ్ళతో నింపి మళ్ళీ తూచాడు. డెబ్బై గ్రాములు ఎక్కువ వచ్చింది. బాటిల్ని వెలుతురుకు పట్టుకుని చూశాం. రాగి అంబలి మాదిరిగా ఉంది, రంగు మాత్రం ఇటుక రంగు.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఆయనకు అయింది. అక్కడే ఉన్న రాళ్ళ కుప్ప మీద కూర్చుండిపోయాడు.

సంగతేంటంటే, రోజంతా ముంచి ఊపిన రాళ్ళ మన్ను నీళ్ళలో కలిసేది. సాయంత్రానికి నీళ్ళు నీళ్ళుగా ఉండేవి కావు, చిక్కటి బురద. చిక్కటి నీళ్ళు రాయిని ఎక్కువగా మోస్తాయి. తూకం ఎక్కువ తగ్గుతుంది, మంచి రాయి కూడా గుల్ల రాయిలా కనిపిస్తుంది. రాత్రికి మన్నంతా అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటపడేవి. ఈయన పరీక్ష పెట్టేది పొద్దున. పొద్దున డ్రమ్ము ఎప్పుడూ పాసే. ఎనిమిది నెలలు దేవుడికి మొక్కి పొద్దున మాత్రమే పరీక్ష పెట్టిన మనిషి, అదే భక్తితో సాయంత్రం కూడా ఒకసారి మొక్కి ఉంటే సరిపోయేది.

"అన్నా, మీ అమ్మ గుడ్డు వేసి చూసేది కదా నీళ్ళను" అన్నాను. ఉండబట్టలేక అన్నాను, అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం చూశాక నా నోటిని నేనే తిట్టుకున్నాను.

మర్నాడు డ్రమ్మును నలుగురం పట్టి బోర్లించాం. అడుగున మూరెడు మన్ను. హొన్నప్ప దాన్ని పారబోయనివ్వలేదు, నాసి కుప్పకు వేయించాడు. సాయంత్రపు లారీల గురించి ఆయనకు దిగుల్లేదు. ఎటూ రేవులో ల్యాబు వాళ్ళు లెక్క తేల్చుకుంటారు, కుప్ప మారితే మారింది. ఇక్కడి అంకె మీద నడిచింది ప్రపంచంలో ఒక్కటే, రామసుబ్బమ్మ చేను.

ఆమె రాళ్ళు ఇంకా షెడ్డులో, అదే వల సంచిలో, మేకుకు వేలాడుతున్నాయి. చూసిన రాళ్ళను ఆయన నెల రోజులు దాచేవాడు, అది కాలేజీ అలవాటు. కడిగిన డ్రమ్ములో ట్యాంకరు నీళ్ళు పోసి వాటిని ముంచాడు. తొమ్మిది వందల పది గ్రాములు తగ్గింది. నాలుగు కిలోలకు తొమ్మిది వందల పది. నేను క్యాలిక్యులేటర్ కొట్టి, అంకె ఆయనకు చూపించకుండా పట్టుకున్నాను.

"నాలుగు పాయింట్ నాలుగు కదా" అన్నాడు చూడకుండానే.

"అన్నా, నా మాట విను" అన్నాను. "ఎవరికీ తెలీదు. ఆయమ్మ చేను ఆయమ్మకు ఉండాది. వెంకటరామి లారీలు వేరే యాడైనా తవ్వుకుంటాడు. నువ్వు నోరు మూసుకోని కూర్చో."

"నేను చెప్పింది తప్పు పాపా."

"తప్పైతే ఏమాయె? ఎవురికి నష్టం?"

రెండు రోజులు దానికి జవాబు వెతుక్కుంటున్నట్టు తిరిగాడు. డబ్బా తెరిచి, అన్నం చూసి, మూసేవాడు. మూడో రోజు "రజనికి నేను తప్పు చెప్పుంటే ఆ పిల్ల పాసయ్యేది గదా" అన్నాడు. "నువ్వు గూడా." నాకు ఒళ్ళు మండింది. అంటే మా ఇద్దర్నీ తప్పించిన పాపానికి ఇప్పుడు ఆ ముసలామె చేను గుంత చేయాలా? ఆ మాటే ఆయన మొహాన అన్నాను. "అట్లేం కాదు" అన్నాడు గానీ, ఎట్లో చెప్పలేకపోయాడు.

ఆదివారం ఆయన ఒక్కడే పోతాడని నాకు తెలుసు, అందుకే నేనూ పోయాను. ఏదో ఒక దగ్గర ఆయన నోరు మూయించగలనని ఆశ. ఒక సంచిలో రాళ్ళు, ఒక సంచిలో తూకం పెట్టుకున్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా గుంతలు చూస్తూ పోయాడు. అంతకు రెండు రోజుల ముందే మంచి వాన పడింది.

మేం పోయేసరికి రామసుబ్బమ్మ విత్తుతోంది. రెండు ఎద్దుల గొర్రు ముందు పోతుంటే, వెనక ఆడవాళ్ళు జడ్డిగం గిన్నెలో గింజలు వదులుతున్నారు. సగం చేను అయిపోయింది. ఆమె గట్టు మీద నిలబడి మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. ఆమె మొహంలో అంత సంతోషం నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

"ఏమప్పా మద్దిలేటీ, శెనక్కాయలు అయిపాయెనా? ఇంగో బస్తా కావాల్నా?"

ఆయన చెప్పలేకపోయాడు. చివరికి ఒక బిందె నీళ్ళూ, ఒక బకెట్టూ అడిగాడు. చింతచెట్టు కొమ్మకు తూకం తగిలించి, ఆమె రాళ్ళు ఆమె ఎదుటే గాలిలో తూచి, ఆమె ఇంటి తేట నీళ్ళలో ముంచి తూచాడు. డ్రమ్ము సంగతి, బురద సంగతి, పొద్దున సంగతి, సాయంత్రం సంగతి మొత్తం చెప్పాడు. పాఠం చెప్పినట్టే చెప్పాడు, వరసగా, ఏదీ వదలకుండా. నాకు ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది.

ఆమె చదువుకోలేదు గానీ, రెండోసారి చెప్పించుకోలేదు.

"అంటే ఇనుమే అంటావు."

"ఇనుమేనమ్మా."

"వెంకటరామికి చెప్పినావా?"

"లేదమ్మా. ముందు మీకు చెప్పాల అని."

ఆ మాట నేను పట్టుకున్నాను. "ఆయప్పకు తెలీదమ్మా. మా యార్డులో గూడా ఎవురికీ ఈ రాళ్ళ సంగతి తెలీదు. మనం ముగ్గురమే. మీరు ఊరుకుంటే ఊరుకున్నట్టే" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. ఒప్పుకుంటుందనే అనుకున్నాను.

"తెలీనప్పుడు ఊరుకుంటి పాపా" అంది. "ఇప్పుడు తెల్సిపాయె కదా. వాడు ఆ పొద్దు మాటంటే మాటని పోయినాడు. నా మాట ఏమైతాది?"

తర్వాత చేను వైపు తిరిగి, "శివన్నా, గొర్రు ఆపు" అని కేకేసింది. గొర్రు తోలే శివన్న వినపడనట్టు ఇంకో నాలుగు అడుగులు పోయాడు. "ఆపప్పా! మిగిలిన విత్తనం గట్టుకు తీస్కరాపో." ఆడవాళ్ళు ఒడిలో గింజలతో అలాగే నిలబడ్డారు. ఏం జరిగిందో వాళ్ళకు తెలీదు. పొద్దుండగానే పనెందుకు ఆపిందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆమె మాకు మజ్జిగ ఇచ్చింది. మద్దిలేటన్న తాగలేదు. ఆయన గ్లాసు కూడా నేనే తాగాల్సి వచ్చింది, ఇచ్చిన మజ్జిగ పారబోయకూడదు కదా. తర్వాత ఆమె నా సెల్‌ఫోను అడిగి, మా ఎదుటే వెంకటరామికి చేసింది. "రేయ్, నీళ్ళు మాట మార్చినాయి. వచ్చి సంతకం పెట్టిచ్చుకో" అంది. అటు వైపు ఆయన ఏమన్నాడో మాకు వినపడలేదు. ఆమె "ఊ" అని మాత్రం రెండుసార్లు అంది.

జేసీబీ పన్నెండు రోజుల తర్వాత వచ్చింది. అప్పటికి విత్తిన సగం చేలో మొలకలు లేచి ఉన్నాయి. మద్దిలేటన్న ఆ రోజు సెలవు పెట్టి అక్కడికి పోయాడు. ఏం చేయడానికి పోయావని మర్నాడు అడిగితే, "ఊరికే" అన్నాడు. రామసుబ్బమ్మ ఆయన్ని చూసి "ఎండలో నిలబడొద్దప్పా, పో" అందట. ఆయన పోలేదట. సాయంత్రం దాకా ఇద్దరూ చెరో గట్టు మీద నిలబడ్డారట. ఇది విని నాకు ఏడుపొచ్చింది. యార్డు దుమ్ములో ఎవరు ఎందుకు కళ్ళు తుడుచుకుంటున్నారో ఎవరూ అడగరు, అదొక సౌకర్యం.

ఆ చేను రాళ్ళు కూడా మా యార్డుకే వచ్చాయి. మద్దిలేటన్న పొద్దునా, మధ్యాహ్నమూ, సాయంత్రమూ నీళ్ళు మార్చి తూచాడు. మంచి కుప్పకే పోయాయి.

తర్వాత నాలుగేళ్ళకు కోర్టు గనులన్నీ ఆపించింది. యార్డుకు తాళం పడింది. నేను ఒక బట్టల షాపులో బిల్లు కౌంటర్లో చేరాను. మద్దిలేటన్న ఎమ్మిగనూరు పోయి రైసు మిల్లులో కుదురుకున్నాడు. వెంకటరామి ఆరు లారీలూ వరసగా ఇంటి ముందు నిలబడ్డాయి. ఐదెకరాల చేను నలభై అడుగుల గుంత. దాన్ని పూడ్చేవాళ్ళు లేరు, అందులో ఏదైనా వేద్దామంటే మన్ను లేదు.

రామసుబ్బమ్మను వెంకటరామి బళ్ళారిలో సత్యనారాయణపేటలో తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. మేడ మీద గది, కూలరు, టీవీ. బాగానే చూసుకునేవాడు. రెండు వేల పన్నెండులో ఒకరోజు మద్దిలేటన్న నా షాపుకు వచ్చి, "రామసుబ్బమ్మను చూసొద్దాం, రాపో" అన్నాడు. ఐదేళ్ళుగా ఆమె ఎదుట పడలేదు ఆయన. ఏదో అడగాలని వచ్చాడని దారిలోనే అర్థమైంది నాకు.

ఆమె చిక్కిపోయింది. మంచం మీద కూర్చుని ఉంది, చేతులు ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని. మమ్మల్ని గుర్తుపట్టి, కోడలితో కాఫీ చెప్పింది. మిల్లు సంగతులు అడిగింది. వానల సంగతి అడిగింది. చివరికి మద్దిలేటన్న అడిగాడు.

"అమ్మా, ఆ పొద్దు నేను వచ్చి చెప్పకుండా ఉండింటే..."

"చేను ఉండేది" అంది ఆమె.

ఆయన తల దించుకున్నాడు. ఆమె ఏదైనా ఊరట మాట చెబుతుందేమోనని నేను చూశాను. పెద్దవాళ్ళు అలాంటప్పుడు చెబుతారు కదా, ఏం చేస్తామప్పా అంతా మన మంచికే అని.

"నువ్వు చేసింది న్యాయమేప్పా. నేను చేసింది గూడా న్యాయమే. అందులో తప్పేమీ లేదు" అంది. "నన్నడిగితే మాత్రం, చేను ఉండింటే బాగుండు."

"అవునమ్మా" అన్నాడు మద్దిలేటన్న.

కోడలు కాఫీ తెచ్చింది. ఈసారి ఆయన గ్లాసు ఆయనే తాగాడు, చల్లారిపోయేదాకా ఆగి, చివరి చుక్క దాకా.